డార్క్ రైడ్ బొమ్మలు: భుజం వణుకు, మూసుకోని దవడ, చిరిగిన స్కిన్

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: చీకటి సెట్ల మధ్య బండిలో తిప్పే మీ డార్క్ రైడ్‌లో గాలితో నడిచే బొమ్మలు పన్నెండు, హైడ్రాలిక్‌తో నడిచే పెద్ద బొమ్మ ఒకటి ఉన్నాయి. పెద్దదాని భుజం వణుకుతోంది. చిన్నవాటిలో ఒకదానికి దవడ తెరుచుకుంటోంది గానీ మూసుకోవడం లేదు, దానికే నోటి మూల దగ్గర స్కిన్ చిరిగింది. ఇవి ఇలా ఉండగా రైడ్ నడపొచ్చా, ఇవి ఇంత తరచుగా ఎందుకు పాడవుతున్నాయి, పెద్ద పార్కుల్లోనూ ఏళ్ల తరబడి ఆగిపోయిన బొమ్మలు కనిపిస్తాయి కదా, అది నిర్లక్ష్యమేనా అన్నారు.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. షో లూప్ 30 సెకన్లు, రోజుకు 12 గంటలు నడుస్తుందనుకుంటే రోజుకు 1,440 లూపులు. ఒక్కో లూప్‌లో మోచేయి పదిసార్లు వంగితే రోజుకు 14,400 సార్లు, ఏడాదికి 52 లక్షలకు పైగా. మామూలు ప్యానెల్ వైరును కీలు గుండా లాగితే అది కొన్ని నెలల్లోనే ఇన్సులేషన్ లోపల తెగిపోతుంది. పైకి చూస్తే వైరు కొత్తదానిలాగే ఉంటుంది. కాబట్టి కదిలే చోట ఎప్పుడూ వంగుడుకు తయారుచేసిన ఫ్లెక్స్ కేబులే వాడాలి, దాని మందానికి పది రెట్ల కంటే తక్కువ వ్యాసార్థంలో వంగనివ్వకూడదు. తరచుగా పాడవడానికి సగం కారణం ఇదే: బొమ్మను చూసేవాళ్లు దాన్ని శిల్పం అనుకుంటారు, నిజానికి అది ఏడాది పొడవునా ఆగకుండా నడిచే యంత్రం. ఫ్యాక్టరీలో ఇన్నిసార్లు కదిలే యంత్రానికి ఎంత సర్వీసు చేస్తారో దీనికీ అంత కావాలి.

నిర్లక్ష్యమా అన్న ప్రశ్నకు జవాబు: కొన్నిసార్లు అవును, చాలాసార్లు కాదు. చెడిపోయిన భాగం చిన్నదే అయి ఉంటుంది, దాని దగ్గరికి వెళ్లడమే పెద్ద పని. బొమ్మ ట్రాక్ అవతల, ఎత్తులో, సెట్ వెనక ఉంటుంది. పార్కు మూసేశాకే లోపలికి వెళ్లగలరు, తెల్లవారకముందే బయటికి రావాలి. ఆ నాలుగైదు గంటల్లో మొదటి హక్కు ట్రాక్‌ది, బండ్లది, బ్రేకులది. అలాగే ఉండాలి కూడా. డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ అనే రోలర్ కోస్టర్ 2006లో మొదలైంది. అందులోని భారీ యతి (మంచు మనిషి) బొమ్మ కొంతకాలానికే కదలడం మానేసింది. దానిమీద స్ట్రోబ్ లైట్ మెరిపించి కదులుతున్నట్టు భ్రమ కల్పించే ‘బి మోడ్’లోకి మార్చారు, తర్వాత ఏళ్ల తరబడి అదే కొనసాగింది. అంత బరువు అంత వేగంగా ఊగితే ఆ బలమంతా చివరికి వెళ్లేది బొమ్మ నిలబడ్డ దిమ్మలోకీ, దాన్ని పట్టుకున్న స్టీలులోకీ. ఏ పెద్ద బొమ్మకైనా లోపం అక్కడిదాకా పాకితే సీలు మార్చో, వాల్వు మార్చో బాగుచేసే దశ దాటిపోయినట్టే. అందుకే పెద్ద బొమ్మకు ఆరు నెలలకోసారైనా బేస్ బోల్టుల బిగుతు, వెల్డింగుల దగ్గర పగుళ్లు, దిమ్మ చుట్టూ సిమెంటు రాలడం చూసుకోవాలి.

ఇప్పుడు మీ పెద్ద బొమ్మ భుజం. వణుకు కనిపించగానే చాలామంది కంట్రోలర్‌లో గెయిన్ (కంట్రోలర్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే సెట్టింగు) తగ్గిస్తారు, లేదా షో ప్రోగ్రామ్‌లో ఆ కదలికను నెమ్మది చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అప్పటికి వణుకు పోతుంది, లోపల అరుగుదల మాత్రం అలాగే పెరుగుతూ ఉంటుంది, తర్వాత వచ్చినవాళ్లకు అసలు ట్యూనింగ్ ఏమిటో కూడా తెలియకుండా పోతుంది. వణుకు మెకానికల్ కాదని తేలేదాకా దాన్ని మెకానికల్‌ అనే అనుకోండి.

చెయ్యి పెట్టే ముందు: పంపు ఆపి, కరెంటు తీసి, తాళం వేసి ట్యాగ్ తగిలించండి, తాళం చెవి పని చేసేవాళ్ల జేబులోనే ఉండాలి. పంపు ఆపినా, ప్రెజరును నిల్వచేసే ట్యాంకు అక్యుములేటర్‌లో ప్రెజరు నిలిచే ఉంటుంది. బ్లీడ్ వాల్వు తెరిచి గేజు సున్నాకు వచ్చిందని కళ్లారా చూడండి. ప్రెజరు పోగానే చెయ్యి తన బరువుకు తానే పడిపోతుంది కాబట్టి దానికి ముందే కింద దన్ను పెట్టండి లేదా పిన్ను దూర్చండి. ప్రెజరులో ఉన్న హోస్‌లో లీకు వెతకడానికి వేళ్లతో తడమొద్దు. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. చూడటానికి చిన్న గాటులా ఉన్నా అది వెంటనే ఆపరేషన్ చేయాల్సిన గాయం. అట్టముక్క అడ్డంపెట్టి చూడండి. అక్యుములేటర్‌ను మళ్లీ నింపాల్సి వస్తే పొడి నైట్రోజన్ ఒక్కటే, ఆక్సిజన్ గానీ కంప్రెసరు గాలి గానీ నింపకూడదు.

మొదట లూజు చూడండి. మోచేయి పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపితే రాడ్ ఎండ్‌లో (సిలిండరు రాడ్ కొసన ఉండే కీలు), క్లెవిస్ పిన్ను (ఆ కీలును పట్టే పిన్ను) దగ్గర, బుష్‌లో (పిన్ను తిరిగే గొట్టం) ఆడుతున్నది వేలికి తెలుస్తుంది. భుజం ఇరుసు నుంచి రాడ్ ఎండ్ 40 మి.మీ. దూరంలో, చేతివేళ్లు 600 మి.మీ. దూరంలో ఉంటే రాడ్ ఎండ్ దగ్గర 1 మి.మీ. లూజు వేళ్ల దగ్గర 15 మి.మీ. అవుతుంది. ఆ లూజులో కంట్రోలర్ తన లక్ష్యాన్ని వెతుక్కుంటూ అటూ ఇటూ కొట్టుకుంటుంది, మనకు అది వణుకుగా కనిపిస్తుంది. రాడ్ ఎండ్, బుష్, పిన్ను మూడూ కలిపి మార్చండి. కొత్త పిన్నును అరిగిన బుష్‌లో వేస్తే కొన్ని వారాల్లో మళ్లీ అదే కథ. గ్రబ్ స్క్రూలకు (భాగాన్ని ఇరుసుకు బిగించే చిన్న స్క్రూలు) మధ్యస్థ బలం ఉన్న నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) వేసి, బిగించాక స్క్రూ మీదుగా పెయింటు గీత గీయండి. తర్వాత తనిఖీలో ఆ గీత విరిగి కనిపిస్తే స్క్రూ తిరిగిందని టార్చిలైటు వెలుతురులోనే తెలిసిపోతుంది.

లూజు లేకపోతే రెండో అనుమానం పొటెన్షియోమీటర్, అంటే భుజం ఏ కోణంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పే సెన్సరు. ఇది అరిగేది అన్నిచోట్లా సమానంగా కాదు. బొమ్మ ఎక్కువసేపు నిలబడే న్యూట్రల్ భంగిమ దగ్గరే ట్రాక్ గరుకెక్కుతుంది. అందువల్ల చెయ్యి పూర్తిగా ఎత్తినప్పుడు నిలకడగా ఉండి, దించి మామూలుగా నిలబడ్డప్పుడే వణికితే సగం నిర్ధారణ అయినట్టే. కరెంటు తీసి, సెన్సరు కనెక్టరు విప్పి, మధ్య కాలికీ ఒక చివర కాలికీ మీటరు పెట్టి భుజాన్ని చేత్తో మెల్లగా ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. ఓమ్స్ నున్నగా పెరగాలి. మధ్యలో ఎగిరిపడితే ట్రాక్ పోయినట్టు. డిజిటల్ మీటరు ఆ క్షణాన్ని పట్టుకోలేకపోవచ్చు, ముల్లు ఉన్న పాత మీటరు గానీ ఆసిలోస్కోపు గానీ ఉంటే మేలు. మార్చేటప్పుడు కండక్టివ్ ప్లాస్టిక్ రకం వేయండి. కంట్రోలర్ ఒప్పుకుంటే అయస్కాంతంతో కోణం పసిగట్టే, రాపిడే లేని హాల్ ఎఫెక్ట్ సెన్సరు ఇంకా మంచిది. పాతది విప్పకముందే భుజం రెండు కొసల దగ్గరా, న్యూట్రల్‌లోనూ రీడింగులు రాసుకోండి. 5 వోల్టుల సెన్సరైతే పనిచేసే పరిధిని 0.5 నుంచి 4.5 వరకే ఉంచండి. అప్పుడు 0.2 కంటే కిందో, 4.8 కంటే పైనో వచ్చిందంటే వైరు తెగినట్టేనని కంట్రోలర్‌కు నేర్పొచ్చు, అది చేతిని గిరాటేయకుండా అక్కడే ఆపేస్తుంది.

సెన్సరు బాగుంటే వైరు. మీటరును బీప్‌లో పెట్టి కేబులును క్లాంపు దాటే చోట అటూ ఇటూ వంచండి. చాలాసార్లు తెగేది ఆ రెండు అంగుళాల్లోనే. షీల్డు ఒక్క కొసనే ఎర్త్ అయి ఉండాలి, మోటారు వైర్లతో కలిపి కట్టి ఉంటే విడదీయండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే సర్వో వాల్వును, అంటే నూనె ప్రవాహాన్ని సన్నగా నియంత్రించే వాల్వును అనుమానించండి. దాని లోపల జారే స్పూలుకూ చుట్టూ ఉన్న స్లీవుకూ మధ్య సందు కొన్ని మైక్రాన్లే, నూనెలోని మురికి అక్కడ పేరుకుంటే స్పూలు అంటుకుని ఒక్కసారిగా జారుతుంది, చెయ్యి కుదుపుగా కదులుతుంది. వాల్వు మార్చి నూనె శుభ్రం చేయకపోతే కొత్త వాల్వు కూడా అదే దారి పడుతుంది. సర్వో వాల్వులకు నూనెలోని రేణువుల లెక్కకు వాడే ఐఎస్ఓ 4406 ప్రమాణం ప్రకారం 16/14/11 చుట్టుపక్కల శుభ్రత కావాలి, దానికి 3 మైక్రాన్ల ఫిల్టరు పెట్టాలి. డ్రమ్ము నుంచి వచ్చే కొత్త నూనె కూడా అంత శుభ్రంగా ఉండదు, దాన్నీ వడగట్టే ట్యాంకులో పోయాలి. నూనె వేడి 60 డిగ్రీలు దాటకుండా చూడండి. దాటుతుంటే కూలర్ మూసుకుపోయిందో, రిలీఫ్ వాల్వు ఊరికే తెరుచుకుంటోందో వెతకాలి. మూడు నెలలకోసారి నూనె శాంపిల్ ల్యాబుకు పంపితే ఒక వాల్వు ఖరీదులో చిన్న భాగంతో పోతుంది.

ఒక తేడా గుర్తుంచుకోండి. స్టేజి లైట్లకు వాడే కంట్రోల్ సిగ్నల్ డీఎంఎక్స్‌తో నడిపే బొమ్మల్లో ఒక చానల్‌కు 0 నుంచి 255 వరకే విలువలు. భుజం 120 డిగ్రీలు తిరిగేదైతే ఒక్కో మెట్టు దాదాపు అర డిగ్రీ, 600 మి.మీ. దూరంలో ఉన్న వేళ్ల దగ్గర అది దాదాపు 5 మి.మీ. నెమ్మదైన కదలికలో మాత్రమే మెట్లుమెట్లుగా కనిపిస్తే అది చెడిపోవడం కాదు, ఆ కదలికకు రెండు చానళ్లు కలిపి 16 బిట్‌లో ఇవ్వాలి. ఇక నాలుగైదు బొమ్మలు ఒకేసారి వణికితే ఒక్కోదాన్నీ విప్పుకుంటూ పోకండి. ఆ సిగ్నల్ లైను చివర 120 ఓమ్‌ల టెర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే రెసిస్టరు) ఉందా, పవర్ సప్లై వోల్టేజి నిలకడగా ఉందా, ఎర్తింగ్ సరిగ్గా ఉందా చూడండి.

దవడ సంగతి సులువు. తెరుచుకుని మూసుకోకపోతే వాల్వు మీద ఉండే చేతి బటన్ నొక్కి చూడండి. దవడ మూసుకుందా, అయితే గాలి వైపు బాగున్నట్టు, తప్పు కరెంటు వైపు ఉంది. కాయిల్ (వాల్వును నడిపే విద్యుదయస్కాంతం) కాళ్ల మధ్య ఓమ్స్ కొలవండి. 24 వోల్టుల డీసీ, 3 వాట్ల కాయిల్ అయితే 190 ఓమ్‌ల దగ్గర చూపాలి. వోల్టేజిని వోల్టేజితో గుణించి వాట్లతో భాగిస్తే వచ్చే అంకె అది, మీ కాయిల్ మీద రాసిన వాట్లతో వేసుకోండి. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగింది, సున్నాకు దగ్గరగా ఉంటే లోపల షార్టయింది. కాయిల్ బాగుంటే లూప్ నడుస్తుండగా కనెక్టరు దగ్గర 24 వోల్టులు వస్తున్నాయా చూడండి.

బటన్ నొక్కినా మూసుకోకపోతే గాలి మూసేసి దవడను చేత్తో కదపండి. బిగుసుకుంటే కీలులో జామ్, లేదా స్కిన్ లోపల మడతపడి దవడ సందులో ఇరుక్కుంది. మీ దాంట్లో చిరుగు కూడా ఉంది కాబట్టి నాకు ఇదే ఎక్కువ అనుమానం. తేలిగ్గా కదిలితే మెడ లోపల 4 మి.మీ. ట్యూబు మడతపడిందా, ఫ్లో కంట్రోల్ స్క్రూ ఎవరైనా పూర్తిగా బిగించారా, వాల్వు ఎగ్జాస్ట్ మఫ్లర్ దుమ్ముతో మూసుకుపోయిందా చూడండి. మఫ్లర్ విప్పి నడిపితే వెంటనే తెలిసిపోతుంది. చివరగా సిలిండరు: ఒక పోర్టు ట్యూబు తీసేసి రెండోదానికి గాలి ఇవ్వండి, తెరిచి ఉన్న పోర్టు నుంచి ఆగకుండా గాలి వస్తే పిస్టన్ సీలు పోయింది. రాడ్ చుట్టూ బుస్సుమంటే రాడ్ సీలు.

గాలి ప్రెజరు 5 నుంచి 6 బార్ చాలు. పన్నెండు బొమ్మలూ ఒకేసారి కదిలే ఘట్టంలో చివరి బొమ్మ దగ్గర గేజు పెట్టి చూడండి. అర బార్ కంటే ఎక్కువ పడిపోతుంటే మెయిన్ ట్యూబు సన్నగా ఉంది, లేదా దగ్గర్లో చిన్న ట్యాంకు అవసరం. కంప్రెసరు ట్యాంకు నీళ్లు రోజూ వదలండి. వాల్వుల ముందు 5 మైక్రాన్ల ఫిల్టరు ఉండాలి. ఫ్యాక్టరీలోనే గ్రీజు పెట్టిన వాల్వులకు ఆయిల్ లూబ్రికేటర్ కొత్తగా మొదలుపెట్టకండి. ఆ నూనె లోపలి గ్రీజును కడిగేస్తుంది, ఒకసారి మొదలుపెట్టాక ఇక ఎప్పటికీ ఆపకుండా వేస్తూనే ఉండాలి.

స్కిన్ అతికేముందు అది సిలికానా, లేటెక్సా తేల్చుకోండి. ముట్టుకుంటే జిగురుగా అయి పొడిలా రాలేది పాత లేటెక్స్, దాన్ని సిలికాన్ గ్లూ పట్టుకోదు. సిలికాన్ అయితే వెనకవైపు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి ఆరనివ్వండి. అక్కడ ఎప్పుడైనా సిలికాన్ స్ప్రే కొట్టి ఉంటే అతుకు నిలవదు, అది పూర్తిగా పోయేదాకా తుడవాల్సిందే. చిరుగు చివర చిన్న గుండ్రటి రంధ్రం చేస్తే అది ఇంకా ముందుకు పాకదు. చిరుగుకు అన్ని వైపులా 15 నుంచి 20 మి.మీ. ఎక్కువ ఉండేలా సాగే నెట్ గుడ్డ కత్తిరించి, న్యూట్రల్ క్యూర్ రకం ఆర్‌టీవీ (గది వేడిలోనే గట్టిపడే) సిలికాన్‌తో వెనక నుంచి అతికించండి. వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, దాని ఆవిరి లోపలి లోహాన్నీ సర్క్యూట్లనూ తినేస్తుంది. ప్లాటినం రకం సిలికాన్ పోయాల్సి వస్తే లేటెక్స్ గ్లవ్స్ తీసేసి నైట్రైల్‌వి వేసుకోండి, లేటెక్స్ తగిలిన చోట అది గట్టిపడదు. పైన రంగు వేయడానికి సిలికాన్ బేస్‌లో కలిపిన పిగ్మెంటే వాడాలి, మామూలు అక్రిలిక్ నాలుగు రోజుల్లో పొరలుగా లేస్తుంది.

ఆర్‌టీవీ సిలికాన్ గట్టిపడేది రోజుకు 2 నుంచి 3 మి.మీ. లోతే. అంటే ఒక్క రాత్రిలో అతికించి తెల్లారి నడపడం కుదరదు. తొందరపడి నడిపితే అతుకు తెరుచుకుంటుంది, రెండోసారి అతికేది మొదటిదానికంటే బలహీనంగానే ఉంటుంది. చిరగడానికి కారణం కూడా తీసేయండి. దవడ ప్లేటు అంచు పదునుగా ఉంటే 2, 3 మి.మీ. గుండ్రంగా ఆకురాయితో అరగదీయండి, దానిమీద పలచటి టెఫ్లాన్ షీటు అతికించండి. నోరు అవసరానికి మించి తెరుచుకుంటుంటే ప్రోగ్రామ్‌లో తగ్గించడం కాదు, గట్టి స్టాపర్ పెట్టండి. బట్టలు మార్చేటప్పుడు బరువు గమనించండి. పాతదానికంటే మందపాటి గుడ్డతో కొత్త చొక్కా కుట్టిస్తే చేతి మీద భారం పెరిగి ట్యూనింగ్ అంతా మారిపోతుంది. వీపు వెనక జిప్పు గానీ వెల్క్రో గానీ కుట్టిస్తే ప్రతి తనిఖీకీ బొమ్మను పూర్తిగా విప్పే పని తప్పుతుంది.

బొమ్మ పాడై ఉండగా రైడ్ నడపొచ్చా? నడపొచ్చు, ఒక షరతు మీద: అది బండి దారిలోకి వచ్చే అవకాశమే ఉండకూడదు. స్విచ్ ఆపితే సరిపోదు. ప్రెజరు పోయిన చెయ్యి రెండు గంటల తర్వాత మెల్లగా కిందికి జారి, కూర్చున్నవాళ్లు చాచిన చేతికి అందొచ్చు. వెనక్కి ముడిచి, పిన్నుతో లేదా బోల్టుతో బిగించి, గాలి లైను మూసి, ట్యాగ్ తగిలించాకే తలుపులు తెరవండి. రిపేరు తర్వాత కూడా కూర్చున్న మనిషి చేతులు చాచినంత వెడల్పున్న చట్రం బండికి బిగించి, బొమ్మ అన్ని భంగిమల్లో ఉండగా ఆ చోటు గుండా మెల్లగా నడిపించండి. నూనె కారుతున్నా, మంట లేదా పొగ ఎఫెక్టు దగ్గర్లో ఉన్నా ఆ సన్నివేశాన్ని ఆపేయాలి, ఇందులో బేరం లేదు. 2023 ఏప్రిల్ 22న కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో ఫాంటాస్మిక్ ప్రదర్శన జరుగుతుండగా దాదాపు 45 అడుగుల డ్రాగన్ బొమ్మ పూర్తిగా తగలబడింది. ఆ తర్వాత డిస్నీ ఇతర పార్కుల్లోనూ అలాంటి మంట ఎఫెక్టులను కొంతకాలం ఆపేసింది.

బండ్ల తనిఖీ మీకు తెలిసినదే కాబట్టి బొమ్మల హడావిడిలో జారిపోయేవి మాత్రం చెబుతాను. రాత్రంతా ఒకేచోట బరువుతో నిలబడ్డ పాలీయురిథేన్ చక్రాలకు చదును మచ్చ పడుతుంది, ఉదయం ఖాళీ బండ్లతో తిప్పేటప్పుడు టకటక వినిపిస్తే అదే. నాలుగు ట్రిప్పుల తర్వాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో బేరింగులు చూడండి, తోటి చక్రాలకంటే ఒకటి స్పష్టంగా వేడిగా ఉంటే దాన్ని ఆ రోజే విప్పాలి. బండికి కరెంటు అందుకునే కలెక్టరు షూల కార్బన్ అరిగి రాలే నల్లటి పొడి దగ్గర్లోని సెన్సర్ల మీదా, బొమ్మల వాల్వుల మీదా పడుతుంది. వారానికోసారి వాక్యూమ్ చేయండి, గాలితో ఊదొద్దు, ఊదితే ఇంకా లోపలికి పోతుంది. లోపల నైలాన్ వలయం ఉన్న నైలాక్ నట్టు ఒకసారి విప్పాక కొత్తదే వేయాలి. ట్రాక్‌లో ఒక్కో భాగంలో ఒక్క బండే ఉండేలా చూసే బ్లాక్ సెన్సరు మొండికేస్తోందని ఒక్క ట్రిప్పుకైనా జంపర్ వైరు వేసి దాన్ని దాటవేయకూడదు. ఇరుసుల పగుళ్ల పరీక్ష తయారీదారు చెప్పిన గడువులోనే జరగాలి. రైడ్ల నిర్వహణ, తనిఖీ, రికార్డుల గురించి ఏఎస్‌టీఎం ఎఫ్770, ఈఎన్ 13814 అనే రైడ్ భద్రతా ప్రమాణాల్లో ఉంది, మీ లాగ్‌బుక్‌ను వాటి ప్రకారం దిద్దుకోండి.

స్పేర్లుగా ప్రతి సైజు సిలిండరుకూ ఒకటి, రెండేసి సీల్ కిట్లు, వాల్వులూ కాయిళ్లూ రెండేసి, పొటెన్షియోమీటర్లు నాలుగు, రాడ్ ఎండ్‌లు ఆరు దగ్గర ఉంచుకోండి. తయారీ ఆగిపోయిన భాగాలకు ఇప్పుడే కొలతలు తీసి డ్రాయింగ్ గీయించండి. పూర్తిగా అరిగిపోయాక కొలిస్తే అసలు సైజు దొరకదు.

మీ మూడు పనుల వరుస ఇలా పెట్టుకోండి. దవడ చూడాలంటే స్కిన్ ఎలాగూ ఊడదీయాలి. మొదటి రాత్రి స్కిన్ తీసి వర్క్‌షాపులో అతికించి పెట్టండి, అదే రాత్రి దవడ సంగతి తేల్చండి. స్కిన్ ఆరే రెండు రోజులూ ఆ బొమ్మను పిన్ను వేసి, లైటు తీసి చీకట్లో ఉంచండి. భుజానికి వారం సెలవు రోజు కేటాయించండి, రాత్రి నాలుగు గంటల్లో దాన్ని మొదలుపెట్టకండి. భాగాలు మార్చాక బట్టలు తొడిగి, మనుషులు ఎక్కని సమయంలో కనీసం నాలుగు గంటలు లూప్‌లో నడపండి. మర్నాడు ఉదయం పెయింటు గీతలు, హోస్ కనెక్షన్లు, న్యూట్రల్ రీడింగు మళ్లీ చూసి, ఆ అంకెలను ఫొటోతో సహా లాగ్‌బుక్‌లో ఎక్కించండి. వణుకు ఇంకా మిగిలి ఉంటే న్యూట్రల్‌లో, పూర్తిగా ఎత్తినప్పుడు సెన్సరు వోల్టేజి ఎంతెంత ఉందో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి వాల్వు వైపు వెళ్లాలా వద్దా చెప్పగలను.